జబ్బు తగ్గినా భయం తగ్గకపోతే సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళాలా? నా అనుభవం చెబుతాను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది విజయవాడ, 41 ఏళ్ళు, రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయి ఏడాది అయింది. రిపోర్టులు బాగున్నాయి, కానీ చెకప్ తేదీ దగ్గర పడితే వారం ముందు నుంచే నిద్ర ఉండటం లేదు. మీ వారు "అంతా బాగానే ఉందిగా, ఇంకా ఏంటి నీకు" అంటున్నారు. మాటలతో భయం ఎలా పోతుంది, తెలిసినవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు, అసలు ఎవరి దగ్గరికి వెళ్ళాలి అని అడిగారు. నాది క్యాన్సర్ కాదు, గుండె జబ్బు. అయినా మీరు రాసిన ఆ వారం రోజులు ఎలా ఉంటాయో నాకు తెలుసు.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాని. 2021 ఫిబ్రవరిలో, సీజన్ మధ్యలో, గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశారు. నెలన్నర తర్వాత పనిలోకి వెళ్ళాను, అక్కడ మొదలైంది అసలు బాధ. సీజన్‌లో యార్డులో మిర్చి ఘాటుకి అందరూ దగ్గుతారు. ఇరవై ఏళ్ళుగా నేనూ దగ్గుతూనే ఉన్నాను. కానీ ఇప్పుడు దగ్గితే ఛాతీ పట్టేసినట్టు ఉండేది. వెంటనే చేతులు చల్లబడేవి, చెమటలు పట్టేవి, గుండె దడదడా కొట్టుకునేది. ఆటో ఎక్కి ఆసుపత్రికి పరుగెత్తేవాణ్ణి. ఈసీజీ తీసి, రక్తపరీక్ష చేసి, "ఏం లేదు, వెళ్ళండి" అనేవారు. మూడు నెలల్లో ఐదుసార్లు ఇలా జరిగింది. కోవిడ్ అప్పుడు కొన్న ఆక్సీమీటర్ ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉండేది. కాటా దగ్గర టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క రాస్తూ మధ్యమధ్యలో వేలికి పెట్టుకుని నాడి చూసుకునేవాణ్ణి.

అందరూ ధైర్యం చెప్పారు. కొట్టు యజమాని చెప్పారు, బావమరిది చెప్పాడు, అమ్మ మొక్కులు మొక్కింది. వాళ్ళ ప్రేమలో లోటేమీ లేదు. కానీ "ధైర్యంగా ఉండు" అన్న తర్వాత ఇంక మన భయం గురించి మాట్లాడటానికి చోటుండదు. మళ్ళీ చెబితే వాళ్ళ మాట కాదన్నట్టు అవుతుంది. అందుకని "అలాగే" అని ఊరుకునేవాణ్ణి. మీ వారి మాటకి మీరు కూడా అలాగే ఊరుకుంటున్నారేమో అనిపించింది.

మధ్యలో ఒక పొరపాటు చేశాను, మీరు చేయకండి. ఒక కౌన్సెలింగ్ సెంటర్ బోర్డు చూసి లోపలికి వెళ్ళాను. ఆయన గంటన్నర సేపు తనే మాట్లాడారు. పాజిటివ్‌గా ఆలోచించమన్నారు, చివర్లో 15,000 రూపాయల కోర్సు ఒకటి చేరమన్నారు. నా చేత పది మాటలు కూడా మాట్లాడించలేదు. ఆయన ఏం చదువుకున్నారో నేను అడగలేదు, అదే నా తప్పు. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటలతో, అభ్యాసాలతో వైద్యం చేస్తారు. వాళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఆ నంబరు అడగడంలో మొహమాటం అక్కర్లేదు. సరిగ్గా చదువుకున్నవాళ్ళు సంతోషంగా చూపిస్తారు.

ఐదోసారి ఆసుపత్రికి పోయినప్పుడు మా గుండె డాక్టరుగారే చీటీ మీద "క్లినికల్ సైకాలజిస్ట్" అని రాసిచ్చారు. గుంటూరులో ఎవరైనా చూస్తారని నేను విజయవాడ వెళ్ళాను. కొట్టులో టెస్టులకని చెప్పి బస్సెక్కేవాణ్ణి, కృష్ణ మీద వారధి దాటి బస్టాండులో దిగి సూర్యారావుపేట వరకు ఆటోలో వెళ్ళేవాణ్ణి. ఆ వీధుల్లో ఎటు చూసినా ఆసుపత్రులే కదా, ఎవరు ఏ మెట్లు ఎక్కుతున్నారో చూసే తీరిక ఎవరికీ ఉండదు. పైగా మన వైద్యం వివరాలు రహస్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ఈ భయం మీకు అడ్డం కాకూడదనే ఇంత రాస్తున్నాను.

మొదటి సిట్టింగ్ యాభై నిమిషాలు. ముందు ఒక కాగితం ఇచ్చారు. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, దిగులు, చనిపోతే బాగుండుననే ఆలోచన ఎంత తరచుగా ఉన్నాయో అడిగే తొమ్మిది ప్రశ్నలు. మార్కులు ఎంత ఎక్కువ వస్తే బాధ అంత ఎక్కువని లెక్క, 27కి నాకు 14 వచ్చింది. తర్వాత ఆ సైకాలజిస్ట్ మేడమ్ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "ఛాతీ పట్టేసినప్పుడు, సరిగ్గా ఆ క్షణంలో, మీ కళ్ళ ముందు ఏం కనిపిస్తుంది?" అన్ని నెలల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. టిక్కీల మధ్య నేను పడి ఉన్నట్టు, చుట్టూ జనం మూగినట్టు, మా అమ్మాయి కాలేజీ నుంచి పరుగెత్తుకొస్తున్నట్టు కనిపిస్తుందని చెప్పాను. చెబుతుంటే ఏడుపు ఆగలేదు. ఆవిడ ధైర్యం చెప్పలేదు. మంచినీళ్ళ గ్లాసు ఇటు జరిపి, నేను తేరుకునేదాకా ఆగారు.

మాటలతో భయం పోతుందా అన్నారు కదా. నా విషయంలో మాటల కంటే వారం మధ్యలో చేసిన పని ఎక్కువ. ఒక చిన్న నోటుబుక్కులో భయం వచ్చిన టైము, అప్పుడు నేనేం చేస్తున్నాను, మనసులో ఏం మెదిలింది, ఎంతసేపటికి తగ్గింది అని రాయమన్నారు. ఆక్సీమీటర్ రోజుకి ఎన్నిసార్లు చూసుకుంటున్నానో కూడా లెక్కపెట్టమన్నారు. నేను పది అనుకున్నాను. లెక్కపెడితే ఒక్కరోజులో 43! చూడగానే కాస్త ఊరట, పది నిమిషాలకి మళ్ళీ అనుమానం. అలా చూసుకోవడమే భయానికి మేత వేస్తోందని నా రాతలోనే నాకు కనిపించింది. ముందు అరగంట ఆగి చూసుకోవడం, తర్వాత పూటకి ఒక్కసారే చూసుకోవడం, ఆఖరికి దాన్ని బీరువాలో పెట్టి తాళం మా ఆవిడకి ఇవ్వడం. ఇలా తగ్గడానికి ఆరు వారాలు పట్టింది.

ఇంకొకటి మెట్లు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటే చాలు, మళ్ళీ గుండెపోటే అనుకునేవాణ్ణి. అందుకని కావాలనే గుండె వేగం పెంచి, ఏమీ కాదని ఒంటికి నేర్పాలన్నారు. ముందు గుండె డాక్టరుగారి అనుమతి తీసుకున్నాకే మొదలుపెట్టించారు, అది మర్చిపోవద్దు. మొదట ఒక అంతస్తు, తర్వాత రెండు, తర్వాత ఆగకుండా మూడు. మధ్యలో రెండు వారాలు ఏమీ చేయలేక వెనక్కి పడిపోయాను, నోటుబుక్కు తెరవలేదు, వెళ్ళడానికి సిగ్గేసింది. మేడమ్ కోప్పడలేదు, ఆగిన చోటి నుంచే మొదలుపెట్టించారు. ఐదో నెలలో మంగళగిరిలో పానకాల స్వామి కొండకి ఘాట్ రోడ్డున కాకుండా మెట్ల మీదుగా వెళ్ళాను. సగంలో గుండె దడ మొదలైంది. మెట్టు మీద కూర్చుని, జేబు తడుముకోకుండా, అది ఎక్కి దిగేదాకా చూశాను. దిగింది.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఛాతీలో బరువు కొన్ని నిమిషాలైనా తగ్గకుండా, చేతికో దవడకో నొప్పి పాకుతూ, చెమటలు పడుతుంటే అది టెన్షన్ అనుకుని కూర్చోకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. మేడమ్ నాకు మొదట నేర్పింది అదే. మీకైనా అంతే. కొత్తగా గడ్డ తగిలితే అది మనసు పని అని వదిలేయమని ఏ సైకాలజిస్టూ అనరు. జబ్బు మళ్ళీ రాదని మాట ఇవ్వరు కూడా. మూడు నెలలకో ఆరు నెలలకో వచ్చే చెకప్‌కి మధ్యలో ఉన్న రోజులు మీ చేతిలోకి రావడానికి సాయం చేస్తారు.

నిద్ర కోసం నాకు కొన్నాళ్ళు సైకియాట్రిస్ట్ మందు కూడా వాడారు. రాసే ముందు గుండె మందుల చీటీ అంతా చూశారు, ఎందుకంటే కొన్ని డిప్రెషన్ మందులు రక్తం పలచబరిచే మాత్రలతో కలిస్తే రక్తస్రావం ఎక్కువ కావచ్చు. మీరు టమాక్సిఫెన్ (రొమ్ము క్యాన్సర్ మళ్ళీ రాకుండా ఇచ్చే మాత్ర) వాడుతుంటే తప్పకుండా చెప్పండి, దాని పనిని తగ్గించే డిప్రెషన్ మందులు కొన్ని ఉన్నాయి.

ఖర్చు సంగతి. నాకు సిట్టింగ్‌కి 800 అయింది, మొత్తం పన్నెండు సిట్టింగులు. తర్వాతి వాటిలో కొన్ని వీడియో కాల్‌లో చేశాం. ఇంట్లో గది కుదరక డాబా మీద కూర్చుని మాట్లాడేవాణ్ణి. అంత పెట్టలేకపోతే విజయవాడ, గుంటూరు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఉంది. ముందు ఎవరితోనైనా మాట్లాడితే చాలు అనిపిస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకండి అమ్మా, ఆ క్షణమే ఈ నంబరుకి చేయండి, ఇంట్లో ఒకరికైనా చెప్పండి.

మీ వారిని ఒక్క సిట్టింగ్‌కి వెంట తీసుకెళ్ళండి. ఏడో సిట్టింగ్‌కి మా ఆవిడని రమ్మన్నారు. రాత్రుళ్ళు ఎలా ఉంటున్నారని మేడమ్ అడిగితే, నాలుగైదుసార్లు లేచి నా ఛాతీ మీద చెయ్యి పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూస్తున్నానని చెప్పింది. నాకు పగలంతా ధైర్యం చెప్పింది కూడా తనే. ఆ సంగతి నేను అక్కడే మొదటిసారి విన్నాను. బస్సులో తిరిగొస్తూ వారధి దాటేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. దాటాక తనే మొదలుపెట్టింది, గుంటూరు వచ్చేదాకా ఆపలేదు.