పాత ఎంజీబీ కారులో డోరు గ్యాప్ ఎందుకు కుదరదు?

దెబ్బతిన్న ఎంజీబీ రోడ్‌స్టర్‌లో (పైకప్పు లేని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) డోరు సరిగ్గా కూర్చోకపోతే ముందు చూడాల్సింది డోరును కాదు, దాని కింద ఉండే ఉక్కు దూలాలను, అంటే సిల్స్‌ను. 1962–1980 మధ్య తయారైన ఈ కారుకు విడిగా ఛాసిస్ (అడుగు ఫ్రేమ్) లేదు, పైన ఇనుప కప్పూ లేదు. బాడీని వంగకుండా నిలబెట్టేది ప్రధానంగా సిల్సే. అవి తుప్పు పట్టినా, గుద్దుకుని వంగినా కారు నడుము కుంగుతుంది. అప్పుడు డోరు వెనక అంచుకూ బాడీకీ మధ్య గ్యాప్ పైన ఇరుకై, కింద వెడల్పవుతుంది. జాకీతో లేపినప్పుడు ఆ గ్యాప్ మారిపోతే ఇక అనుమానం అక్కర్లేదు.

హింజెలు జరిపి, పుట్టీ పూస్తే చాలని చాలామంది అనుకుంటారు. రంగు వేసిన రోజు బాగానే కనిపిస్తుంది, తర్వాత పుట్టీ పగులుతుంది. కొత్త సిల్స్ వేసేటప్పుడు బాడీకి బ్రేస్ (వంగకుండా పట్టే తాత్కాలిక కడ్డీ) కట్టి, డోరు పెట్టి గ్యాప్ చూసుకున్నాకే పూర్తి వెల్డింగ్ చేయాలి.