మీ ప్రశ్న – మా జవాబు

ప్రశ్న: ఇజ్రాయెలీలు, పాలస్తీనియన్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే సమావేశాలు ఎలా నడుస్తాయి? ఎక్కడ బెడిసికొడతాయి? (పాఠకురాలు, తెనాలి)

జవాబు: జెరూసలేం, టెల్ అవీవ్‌ల మధ్య ఉన్న నెవె షాలోమ్ – వాహత్ అల్ సలామ్ గ్రామంలో 1979 నుంచి శాంతి పాఠశాల నడుస్తోంది. అక్కడి సమావేశాలు నడిపేవాళ్లు ఇద్దరు: ఒకరు యూదు, ఒకరు పాలస్తీనియన్. ఆ సమావేశాల్లో అందరూ కలిసి కూర్చునేవి కొన్ని, ఎవరికి వారు విడిగా కూర్చునేవి కొన్ని. అవతలివాళ్ల ముందు చెప్పడానికి నోరు రానిది ఈ విడి సమావేశాల్లోనే బయటపడుతుంది. చిక్కు భాషతో మొదలవుతుంది. ఇజ్రాయెల్‌లోని పాలస్తీనియన్ అరబ్బుల్లో ఎక్కువమందికి హీబ్రూ వచ్చు. యూదుల్లో అరబిక్ వచ్చినవాళ్లు తక్కువ. అనువాదకుడు లేకపోతే మాటంతా హీబ్రూలోకి జారుతుంది, పైచేయీ అటే పోతుంది. భూమి, హక్కుల మాట ఎత్తకుండా కుదిరిన స్నేహమైతే ఇంటికి చేరేసరికే ఆవిరి.

ప్రశ్న: ఫిలిపినో వలస సాహిత్యం ఎక్కడ మొదలుపెట్టాలి? (పాఠకుడు, ఖమ్మం)

జవాబు: కార్లోస్ బులోసాన్ ‘అమెరికా ఈజ్ ఇన్ ది హార్ట్’ (1946)తో. ఆయన 1930లో అమెరికాలోని సియాటిల్‌లో దిగాడు. ఆత్మకథగా అచ్చయినా తోటి కూలీల బతుకులూ కలిపి రాశాడు, కాబట్టి ప్రతి సంఘటననూ చరిత్రగా పట్టుకోవద్దు. ముందు అమెరికా 1934లో చేసిన టైడింగ్స్–మెక్‌డఫీ చట్టం గురించి చదవండి; ఫిలిపినోల వలసను ఏడాదికి 50 మందికి కుదించింది అదే.