జపాన్ గురించి పిల్లలకు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

నమస్కారమండీ. మూడో తరగతి పిల్లలకు వారం రోజులు జపాన్ గురించి చెప్పినా కిమోనో, సుషీ తప్ప మరేమీ గుర్తులేదని, పైగా అక్కడివారిని వింత మనుషులుగా భావిస్తున్నారని మీరు రాశారు. వింతలనే వరుసగా చూపించడం దీనికి కారణమని నా అభిప్రాయం. ముందుగా వారు తమతో పోల్చుకోగలిగిన విషయం దొరకాలి. జపాన్‌లోని చాలా పాఠశాలల్లో విద్యార్థులే తరగతి గదులను శుభ్రం చేస్తారని, మధ్యాహ్న భోజనాన్ని వంతులవారీగా తోటివారికి వడ్డిస్తారని చెప్పి, ఒక రోజు ఆ పనులను మీ తరగతిలోనే చేయించండి.

వారసత్వం విషయానికి వచ్చినప్పుడు జపనీయుల షింటో మతానికి చెందిన ఇసే మందిరాన్ని తీసుకోండి. మధ్యయుగపు అంతర్యుద్ధాల కాలంలో చాలా ఏళ్లు ఆగినప్పటికీ, సుమారు పదమూడు శతాబ్దాలుగా అక్కడి ప్రధాన మందిరాలను 20 ఏళ్లకోసారి పక్కనే ఉన్న స్థలంలో, అదే నమూనాలో, కొత్త కలపతో తిరిగి కడుతున్నారు. 2013లోనూ అలాగే కట్టారు. "అయితే ఈ మందిరం పాతదా, కొత్తదా?" అని అడిగి, మీరు జవాబు చెప్పకుండా వారినే వాదించుకోనివ్వండి. వడ్రంగి నైపుణ్యం తరం నుంచి తరానికి అందడానికి ఈ పద్ధతి తోడ్పడుతుందన్న సంగతి వారికే తట్టవచ్చు. తట్టకపోతే చివర చెప్పండి.

మే 5న బాలల దినోత్సవానికి ఎగరేసే చేప ఆకారపు జెండాలను కాగితంతో చేయించవచ్చు. వేషధారణ కార్యక్రమం మాత్రం నేనైతే పెట్టను.