బోర్డుకి కావలసింది బోర్డు వైపు నుంచే తెచ్చుకో

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

పొలంలో బోరు మోటారుని బీగిల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో నడపబోతున్నావని, ప్రోగ్రాము ల్యాప్‌టాప్ మీద బిల్డ్ చేసి బోర్డుకెక్కిస్తావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది తల్లీ. గుబులుగానూ ఉంది. తెర మీద వచ్చిన తప్పుని చదివి దిద్దుకోవచ్చు. నీళ్లు దిగిపోయిన బోరులో మోటారు తిరిగితే కాలిపోతుంది. అందుకే ఇంత రాస్తున్నాను.

సులువైనవి ముందు చెప్పేస్తాను. హెడరంటే లైబ్రరీలో, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడులో, ఏముందో కంపైలర్‌కి చెప్పే ఫైలు. అది దొరకలేదంటే చాలాసార్లు ఆ లైబ్రరీ డెవ్ ప్యాకేజీ, అంటే హెడర్లుండే మూట, లేదని అర్థం. ఏ ఫైలు ఏ ప్యాకేజీలో ఉందో ఆప్ట్-ఫైల్ అనే కమాండు చెబుతుంది. వంద ఎర్రర్లొచ్చినా మొదటిది చదువు.

ఇక నన్ను భయపెట్టే సంగతి. రీడింగులు నెట్‌లో పంపడానికి లిబ్‌కర్ల్ అనే లైబ్రరీ వాడతావు కదా. దాని హెడర్ కర్ల్.హెచ్ లేదని, నీ ప్రోగ్రాముని ప్రాసెసర్ భాషలోకి మార్చే కంపైలర్ ఆగుతుంది. వెతికితే అది ల్యాప్‌టాప్‌లోనే, యూఎస్ఆర్/ఇంక్లూడ్ కింద ఎక్స్86_64-లినక్స్-గ్నూ ఫోల్డర్లో కనిపిస్తుంది. ఉందిగా అని ఆ ఫోల్డర్ని, హెడర్లు ఎక్కడ వెతకాలో చెప్పే మైనస్ ఐ ఆప్షన్‌తో కలిపేస్తారు. ఏళ్ల తరబడి జనం చేస్తున్న తప్పు ఇదే, నువ్వు మాత్రం చెయ్యకు. అక్కడున్నది కర్ల్ ఒక్కటే కాదమ్మా. ల్యాప్‌టాప్‌లోని ఇంటెల్ రకం ప్రాసెసర్‌కి సరిపోయే సీ లైబ్రరీ హెడర్లూ అక్కడే ఉంటాయి. మైనస్ ఐ ఇచ్చిన చోటే కంపైలర్ ముందు వెతుకుతుంది కాబట్టి, బోర్డులోని ఆర్మ్ ప్రాసెసర్‌కి కావలసిన హెడర్ల బదులు అవి వచ్చి కూర్చుంటాయి. అప్పుడు గ్నూ/స్టబ్స్-32.హెచ్ లేదని ఇంకో ఎర్రర్ వస్తుంది. అక్కడైనా ఆగాలి. ఆగకుండా ఆ పేరుతో ఖాళీ ఫైలు పెట్టి దాని నోరు మూయిస్తారు. బిల్డ్ అయిపోతుంది!

లోపల ఏం చెడిందో చూడు. ఏ సెన్సర్ నుంచి కబురొచ్చిందో లినక్స్ కెర్నెల్‌ని అడిగే ఈపోల్ వాడావనుకో. ఇంటెల్ హెడర్ ఈపోల్ ఈవెంట్ స్ట్రక్చర్ని ఖాళీల్లేకుండా ప్యాక్ చేసి 12 బైట్లంటుంది. ఆర్మ్ కెర్నెల్ లెక్కలో అది 16: ముందు 4 బైట్లు, తర్వాత 4 ఖాళీ, ఆపైన 8 బైట్ల డేటా. కెర్నెల్ 8వ బైటు నుంచి రాసింది నీ ప్రోగ్రాము 4వ బైటు నుంచి చదువుతుంది. ఏ సెన్సర్ కబురు పంపిందో తారుమారవుతుంది, ఒక్క హెచ్చరిక కూడా రాదు. లైబ్రరీ విషయంలో ఇంత ప్రమాదం లేదు. ఇంటెల్ లైబ్రరీని చూపిస్తే, ముక్కల్ని కలిపి ప్రోగ్రాము చేసే లింకర్ ‘స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్’ అని పక్కన పెట్టేస్తుంది, ఎందుకంటే ఆ ఫైలు మీద ఏ ప్రాసెసర్‌దో రాసి ఉంటుంది. హెడర్ వట్టి టెక్స్టు, దాని మీద ఏ ముద్రా ఉండదు.

ఇలా చెయ్. బోర్డు మీద డెబియన్ 11 అనే లినక్స్ ఉంటే ల్యాప్‌టాప్‌లో డెబియన్ 11 కంటైనరే, అంటే దాని లోపలే విడిగా నడిచే డెబియన్ 11, పెట్టు. అందులో ప్యాకేజీలు వేసే డీపీకేజీకి ఆర్మ్‌హెచ్‌ఎఫ్ (బోర్డు ప్రాసెసర్ రకానికి డెబియన్ పెట్టిన పేరు) ఆర్కిటెక్చర్ జతచేసి, ఆప్ట్ అప్‌డేట్ చేసి, ఆ ప్రాసెసర్ కోసం ఇక్కడే బిల్డ్ చేసే క్రాస్ కంపైలర్ ఉన్న క్రాస్‌బిల్డ్-ఎసెన్షియల్-ఆర్మ్‌హెచ్‌ఎఫ్ వేసుకో. లిబ్‌కర్ల్4-ఓపెన్ఎస్ఎస్ఎల్-డెవ్ పేరు చివర కోలన్ పెట్టి ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అని రాస్తే బోర్డుకి పనికొచ్చే ప్రతి వస్తుంది. ఆ హెడర్లున్న చోటు క్రాస్ కంపైలర్‌కి ముందే తెలుసు, మైనస్ ఐ అక్కర్లేదు. ఒకప్పుడు జెడ్‌లిబ్, తర్వాత ఓపెన్ఎస్ఎస్ఎల్, ఆ తర్వాతే కర్ల్ అని వరసగా సోర్సు తెచ్చి చేత్తో కంపైల్ చేసుకునేవాళ్లం. ఒక్కటి తప్పితే మళ్లీ మొదటికే. నీకా పాట్లు లేవు, సంతోషం.

కంటైనర్ వెర్షన్ దగ్గర బద్ధకించావంటే కోప్పడతాను. ఉబుంటూ 22.04లో జీలిబ్‌సీ (ఇందాకటి సీ లైబ్రరీ) 2.35, డెబియన్ 11లో 2.31. కొత్తదాంట్లో బిల్డ్ చేసి పాతదాని మీద నడిపితే ‘జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్’ అని ఆగిపోవచ్చు.

లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్‌కి పీకేజీ_కాన్ఫిగ్_పాత్ వేరియబుల్ ఇస్తే చాలదు, అది ఉన్న దారులకి ఇంకోటి కలుపుతుందంతే. పీకేజీ_కాన్ఫిగ్_లిబ్‌డిర్ వేరియబుల్ ఇవ్వు, పాత దారులు పోతాయి. బిల్డ్‌కి సీమేక్ వాడితే దారి మార్చిన ప్రతిసారీ బిల్డ్ ఫోల్డర్ చెరిపెయ్, కాష్‌లో పాత జవాబే మిగిలిపోతుంది.

బిల్డ్ అయ్యాక కంపైలర్‌కి పెద్ద హెచ్‌తో మైనస్ హెచ్ ఇచ్చి ఇంకోసారి నడిపి, హెడర్ల జాబితాలో ఎక్స్86 అనే మాట ఉందేమో వెతుకు. ఉంటే ఆ బైనరీ బోర్డుకెక్కించకు. రీడ్‌ఎల్ఫ్ మైనస్ డీ ఇస్తే నీడెడ్ వరసలో ఏ లైబ్రరీలు కావాలో కనిపిస్తాయి, వాటిని బోర్డు మీద వేసుకో. అక్కడ డెవ్ అక్కర్లేదు, లిబ్‌కర్ల్4 చాలు. ఫైలు కళ్లెదుటే ఉండి ‘నో సచ్ ఫైల్’ అంటే కంగారుపడకు. సాధారణంగా దొరకనిది నీ ఫైలు కాదు, దాన్ని మెమరీలోకి తెచ్చే ఎల్‌డీ-లినక్స్-ఆర్మ్‌హెచ్‌ఎఫ్ లోడరు.

బోర్డు చెప్పినట్టు మోటారుని వేసి ఆర్పే స్విచ్చు, అదే రిలే, దానికి మోటారు ఇప్పుడే కలపొద్దు తల్లీ. మోటారు బదులు బల్బు పెట్టి రెండు రోజులు నడుపు, ఒక్కో సెన్సర్ వైరూ పీకి బల్బు ఆరుతోందో లేదో చూడు. ఆరకపోతే ఏ వేళయినా సరే, నాకు ఫోన్ చెయ్.

పెదనాన్న