సూపర్ బ్యాచ్‌లో కొనసాగాలా, మానుకోవాలా?

ప్రశ్న: అయ్యా, మాది చంద్రగిరి. మా పాప మా ఊళ్లోనే పదో తరగతి చదివి 561 మార్కులు తెచ్చుకుంది. తిరుపతిలోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాల వారు పరీక్ష పెట్టి, ఫీజులో రాయితీ ఇచ్చి, ఎంపీసీలో ఐఐటీ సూపర్ బ్యాచ్‌లో చేర్చుకున్నారు. ఆ బ్యాచ్ పిల్లలు హాస్టల్లోనే ఉండాలన్నారు. మొదటి రెండు నెలలు బాగానే గడిచాయి. ఆగస్టు నుంచి వారాంతపు పరీక్షల్లో మార్కులు తగ్గుతూ వచ్చాయి. దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు చూస్తే పిల్ల సగమైంది. రాత్రి పన్నెండు దాటినా నిద్ర పట్టదు, పట్టినా ఉలిక్కిపడి లేస్తుంది. “నన్ను రెగ్యులర్ బ్యాచ్‌కు మారుస్తావా అమ్మా” అని ఒక్కసారి అడిగి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మా వారు శ్రీకాళహస్తి వైపు వెళ్లి వచ్చినప్పుడల్లా ఏర్పేడు దగ్గరి ఐఐటీ గురించే చెబుతారు, పాప అక్కడే చదవాలంటారు. ఇప్పుడు మాన్పిస్తే, కష్టం వచ్చినప్పుడల్లా వెనక్కి తగ్గడం పిల్లకు అలవాటవుతుందేమోనని నాకు భయంగా ఉంది. ఆమె రాసిన మూడు పరీక్షల జవాబు పత్రాల నకళ్లు పంపుతున్నాను.
— ఒక తల్లి, చంద్రగిరి

జవాబు: అమ్మా, ఇలాంటి ప్రశ్న అడిగేవారు సాధారణంగా ర్యాంకు మాత్రమే రాసి పంపుతారు. మీరు జవాబు పత్రాలు పంపడం వల్ల నేను ఊహించి చెప్పవలసిన అవసరం తప్పింది. తిరుపతిలో చాలా ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు గణితం చెప్పినవాణ్ని కాబట్టి, ఆ మూడు పత్రాలనూ మార్కుల వైపు చూడకుండా, ఒక్కొక్క తప్పు ఎక్కడ మొదలైందో వెతుకుతూ చదివాను.

రెండో పత్రంలో భౌతికశాస్త్రం ప్రశ్న ఒకటుంది. సెకనుకు 20 మీటర్ల వేగంతో, నేలకు 30 డిగ్రీల కోణంలో విసిరిన రాయి ఎంత దూరంలో పడుతుంది, అదే వేగంతో విసిరి అదే చోట పడేలా చేయగల మరో కోణం ఏది అని అడిగారు. మీ పాప మొదటి భాగం చక్కగా చేసింది, సుమారు 34.6 మీటర్లని సరైన జవాబు రాబట్టింది. రెండో భాగంలో సూత్రం సరిగానే వేసి, కోణానికి రెట్టింపు 60 డిగ్రీలు అన్న చోటికి వచ్చి, మళ్లీ 30 డిగ్రీలే అని రాసి ఆగిపోయింది. సైన్ 60 డిగ్రీల విలువ, సైన్ 120 డిగ్రీల విలువ ఒకటేనని తెలిసి ఉంటే, 120లో సగం 60 డిగ్రీలు అన్న జవాబు ఒక్క వరుసలో వచ్చేది. పదో తరగతిలో 90 డిగ్రీల లోపు కోణాలకే త్రికోణమితి నేర్పుతారు. ఆ పైది ఇంటర్మీడియట్‌లో రావాలి, అది ఆమెకు సరిగా అందలేదు. పరీక్షలో పోయినవి భౌతికశాస్త్రం మార్కులైనా, లోటు ఉన్నది గణితంలో. ఆ పత్రంలో ఇలాంటివే మరో నాలుగు తప్పులున్నాయి.

మూడో పత్రంలో వేగం నుంచి దూరం రాబట్టే లెక్కలకు సమాకలనం (ఇంటిగ్రేషన్) వాడవలసి వచ్చింది. బోర్డు పాఠ్యప్రణాళికలో సమాకలనం రెండో సంవత్సరం పాఠం. సూపర్ బ్యాచ్‌లలో మాత్రం భౌతికశాస్త్రం కోసం దాన్ని మొదటి సంవత్సరం తొలి నెలల్లోనే రెండు మూడు తరగతుల్లో చెప్పి ముందుకు పోతారు. ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులు చదివి వచ్చిన పిల్లలకు అది సరిపోతుంది. చంద్రగిరిలో మామూలుగా పదో తరగతి చదివి వచ్చిన పిల్లకు, ఆ రెండు తరగతులు ఎంత శ్రద్ధగా విన్నా సరిపోవు. దీన్ని తెలివితక్కువతనమని ఎవరైనా అంటే మీరు ఒప్పుకోవద్దు, ముఖ్యంగా పాపను ఒప్పుకోనివ్వవద్దు.

నా మనసు అన్నిటికంటే ఎక్కువ నిలిచింది ఆ రెండో పత్రం వెనక పేజీ మీద. నకలులో మసకగా పడినా చదవగలిగాను. పరీక్ష తర్వాత ఎప్పుడో, పెన్సిల్‌తో, అదే రాయి లెక్కను ఆమె మళ్లీ మొదటి నుంచి చేసుకుంది. రెండు దారుల బొమ్మలు గీసి, ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా, రెండూ ఒకే చోట పడేలా చూపి, పక్కన 60 అని రాసి గుండ్రం చుట్టింది. ఎవరూ అడగని ఆ లెక్కకు మార్కులూ లేవు. గణితం ఇష్టం లేని పిల్ల ఆ పని చేయదు. తీరిక దొరికితే చేయగలిగిన పిల్లకు తీరిక దొరకడం లేదన్నదే ఆ మూడు పత్రాల్లో నాకు కనిపించిన సంగతి.

అందువల్ల నా సలహా సూటిగా చెబుతున్నాను: పాప ఇప్పటికీ అదే కోరుకుంటుంటే రెగ్యులర్ బ్యాచ్‌కు మార్చండి, వీలైతే హాస్టల్ కూడా మాన్పించి ఇంటి నుంచి పంపండి. చంద్రగిరి నుంచి తిరుపతికి బస్సులకు కొదవ లేదు. ఆమె వదులుతున్నది ఒక వేగాన్ని మాత్రమే. గ్రూపు అదే, బోర్డు పరీక్ష అదే. బోర్డు ఇచ్చే మార్కుల జాబితాలో ఏ బ్యాచ్‌లో చదివారన్నది ఎక్కడా ఉండదు. జాతీయ స్థాయి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ రాయడానికి సూపర్ బ్యాచ్‌లో ఉండాలన్న నియమం లేదు. అది జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి జరుగుతుంది, రెండింటిలో మెరుగైన స్కోరునే లెక్కలోకి తీసుకుంటారు. మెయిన్‌లో ముందు వరుసలో నిలిచిన సుమారు 2,50,000 మంది ఐఐటీ సీట్ల కోసం జరిగే జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయవచ్చు, దాన్ని వరుసగా రెండేళ్లలో రెండుసార్లు రాయవచ్చు. ఈ తలుపుల్లో ఏదీ బ్యాచ్ మారడంతో మూసుకుపోదు.

ఒక్క విషయంలో మాత్రం మీరు పొరబడకుండా ఉండాలి. రెగ్యులర్ బ్యాచ్ లక్ష్యంగా పెట్టుకునే రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష, ఏపీ ఈఏపీసెట్, సులువైనదని చాలామంది అనుకుంటారు. ప్రశ్నలు మెయిన్ కంటే సూటిగా ఉండే మాట నిజమే. అయితే మెయిన్‌లో మూడు గంటల్లో 75 ప్రశ్నలు చేయాలి, అంటే ఒక్కొక్కదానికి దాదాపు రెండున్నర నిమిషాలు. ఈఏపీసెట్‌లో అదే మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 గణితానివే. ఒక్కో ప్రశ్నకు నిమిషానికి కాస్త పైన మాత్రమే దొరుకుతుంది. మీ పాప నిదానంగా, లోతుగా ఆలోచించే రకం. బ్యాచ్ మారిన వెంటనే ర్యాంకు ఎగబాకకపోతే కంగారు పడకండి. ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకు మార్కులు కోయరు, ఇంటర్మీడియట్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. పదో తరగతిలో 561 తెచ్చుకున్న పిల్లకు ఈ రెండూ కలిసివస్తాయి. మొదటి ఆరు వారాలూ కొత్త పాఠాల వెంట పరుగెత్తించకుండా, త్రికోణమితినీ, గ్రాఫులనూ, అవకలనం (డిఫరెన్షియేషన్)లోని మొదటి మెట్లనూ రోజుకు ఒక గంట చొప్పున మళ్లీ చేయించండి. కళాశాలలో ఏ లెక్చరర్ దగ్గర ఆమెకు భయం లేకుండా సందేహం అడిగే చనువుందో కనుక్కుని, వారినే సాయం కోరండి.

మీ వారి కోరికను తేలిగ్గా తీసుకోవద్దు. ఏర్పేడులోని ఐఐటీ 2015లో మొదలైంది. రోజూ చూసే దారిలో అంత పెద్ద చదువుల నెలవు ఉంటే తండ్రికి ఆశ కలగడం సహజం. కాని ఊరు దగ్గరన్న కారణంతో ఐఐటీలో సీటుకు ప్రాధాన్యం ఉండదు, అఖిల భారత ర్యాంకును బట్టే కేటాయిస్తారు. దాని సమీపంలోనే, అదే 2015లో మొదలైన ఐసర్ ఉంది. మౌలిక విజ్ఞానశాస్త్రాలు చదవాలనుకునే వారికి అది గొప్ప చోటు. దానికి జేఈఈతో పనిలేదు, వేరే ప్రవేశ పరీక్ష ఉంటుంది. అందులో జీవశాస్త్రం ప్రశ్నలు కూడా ఉంటాయి కాబట్టి ఎంపీసీ పిల్లలు ముందే సిద్ధపడాలి. వెనక పేజీలో తనకోసం లెక్క చేసుకునే పిల్లకు ఆ దారి నచ్చినా నచ్చవచ్చు. ఇక ఈఏపీసెట్ ద్వారా చేరడానికి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాల, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉన్నాయి. మీ వారిని కూర్చోబెట్టి ఈ పేర్లు చెప్పే ముందు, ఆ పత్రం వెనక పేజీ ఒకసారి చూపించండి.

వెనక్కి తగ్గడం అలవాటవుతుందన్న మీ భయానికి నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒక అబ్బాయి ఇలాగే తరగతి మారతానని వచ్చి నిలబడితే, “ఇంకో రెండు నెలలు ఓపిక పట్టు, అదే సర్దుకుంటుంది” అని నేనే ఆపాను. అతని తప్పులు ఏ రకానివో చూడలేదు, నిద్ర పడుతోందా అని అడగలేదు. రెండో సంవత్సరం గణితం పరీక్షకు ఆ అబ్బాయి రానేలేదు. ఆ రోజు హాలులో ఖాళీగా ఉన్న బల్ల నాకు ఇప్పటికీ గుర్తుంది. ఓపిక పట్టమనే ముందు, పట్టడానికి ఆ పిల్లలో ఎంత ఓపిక మిగిలిందో చూడాలని నాకు తెలిసింది ఆ తర్వాతే.

నిద్ర విషయం మార్కుల కంటే ముందు చూడండి. బ్యాచ్ మారినా రెండు వారాల్లో నిద్రా ఆకలీ కుదుటపడకపోతే వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేసి మాట్లాడవచ్చు, డబ్బు ఖర్చు కాదు. పాప చేతనే మాట్లాడించవచ్చు, మొహమాటపడితే మీరే ముందు మాట్లాడవచ్చు. ఫీజు రాయితీ బ్యాచ్ మారితే కొనసాగుతుందా, హాస్టల్ డబ్బు ఎంత తిరిగి ఇస్తారు అన్నవి కళాశాల వారి చేత కాగితం మీద రాయించుకోండి. చివరి మాట మాత్రం పాపదే కావాలి. ఒక్కసారి అడిగి ఊరుకున్న పిల్ల, మీ ముఖం చూసి ఊరుకుని ఉంటుంది. ఈసారి మీరే అడగండి, ఆమె జవాబు చెప్పేదాకా మధ్యలో మీరేమీ అనకుండా కూర్చోండి.

ప్రశ్న: సార్, నేను చిత్తూరులో ఇంటర్ మొదటి సంవత్సరం సూపర్ బ్యాచ్‌లో చదువుతున్నాను. రోజూ ఇంటి నుంచే వెళ్లి వస్తాను. పదో తరగతిలో మా బడిలో నేనే ఫస్టు. ఇక్కడ 60 మందిలో 47వ వాణ్ని. పోయిన వారం మెయిన్ నమూనా పరీక్షలో 300కు 80 వచ్చాయి. 75 ప్రశ్నలకూ జవాబులు పెట్టాను, 31 ఒప్పు, 44 తప్పు. ఇంటికి వచ్చి చూసుకుంటే ఆ తప్పుల్లో 17 ఎవరి సాయం లేకుండా చేయగలిగాను. నాన్న ర్యాంకు అడిగినప్పుడల్లా సిగ్గుగా ఉంది. రెగ్యులర్ బ్యాచ్‌కు పోదామనుకుంటున్నాను.
— ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: నాయనా, పై లేఖలోని అమ్మాయికి మారమని చెప్పాను, నీకు ఉండమని చెబుతున్నాను. నీ లేఖలో నిద్ర చెడిన మాట లేదు, పాఠం అర్థం కావడం లేదన్న మాట లేదు. పాఠం రానివాడు ఇంటికి వచ్చి 17 లెక్కలు సొంతంగా చేయలేడు. మెయిన్‌లో ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. కాబట్టి చేతనై కూడా తప్పు పెట్టిన ప్రతి ప్రశ్న దగ్గర నువ్వు 5 మార్కులు వదిలేస్తున్నావు. 17 ప్రశ్నలకు అవి 85. నీ 80కి అవి కలిస్తే 165 అయ్యేవి. నీ గది గోడకు 47 అన్న అంకె అంటించుకుని ఉంటే తీసివేసి, ఈ 85ను రాసి పెట్టుకో.

ఆ 17 తప్పులూ ఎందుకు జరిగాయో ఒక పాత నోటుబుక్కులో రాయి. ప్రశ్న సగం చదివి జవాబు పెట్టావా, గుర్తు మార్చడం మరిచావా, ప్రమాణాలు చూసుకోలేదా, చివరి అరగంటలో తొందరపడ్డావా అన్నది ఒక్కో దాని పక్కన ఒక్క ముక్కలో చాలు. 75 ప్రశ్నలకూ జవాబు పెట్టానన్నావు కాబట్టి, నాకు తోచింది ఆ చివరి కారణమే. వచ్చే పరీక్షలో మొదటి చుట్టులో చేతనైనవే చేసి, వాటిని ఒకసారి సరిచూసుకున్న తర్వాతే మిగతా వాటి జోలికి వెళ్లు. సంక్రాంతి వరకు ఇలా చేసి, ఆ నోటుబుక్కు తీసుకుని మళ్లీ రాయి. అప్పటికీ మారాలనిపిస్తే, అప్పుడు నీకూ నాకూ చూడడానికి తప్పుల చిట్టా చేతిలో ఉంటుంది. ఈలోగా నాన్న ర్యాంకు అడిగితే, 47 చెప్పిన వెంటనే ఆ 17 సంగతి కూడా చెప్పు. నోటుబుక్కు తెరిచి చూపించు.