ఐసీయూలో లేని భయం క్లినిక్‌లో ఎందుకు?

ప్రశ్న: విజయవాడలో బీఎస్సీ నర్సింగ్ చదివి, డల్లాస్‌లో ఐసీయూ నర్సుగా చేశాను. ఈమధ్యే ఫ్యామిలీ నర్స్ ప్రాక్టిషనర్ (ఎన్‌పీ, అంటే జబ్బు తేల్చి మందులు రాసే నర్సు) కోర్సు ముగించి, బోర్డు పాసై ఒక క్లినిక్‌లో చేరాను. రెండో వారం నుంచే రోజుకు 18 మందిని వేశారు. వెంటిలేటర్ మీదున్న పేషెంటు దగ్గర వణకని చెయ్యి, కాలు వాచిందని వచ్చినాయన దగ్గర వణికింది. నాతో చేరిన పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్) అమ్మాయి మాత్రం చకచకా చూసేస్తోంది. నేను దీనికి పనికిరానా అక్కా?
- ఒక సోదరి, ఫ్రిస్కో

జవాబు: పనికిరాకపోవడమేమిటమ్మా! రెండో వారానికే 18 మందిని వెయ్యడం వాళ్ల తప్పు.

ఐసీయూలో జబ్బు పేరు రాసిపెట్టిన పేషెంటు నీ చేతికొచ్చేవాడు. క్లినిక్‌లో ఆ పేరు తేల్చాల్సింది నువ్వే. అది వేరే విద్య. పీఏలకు చదువులోనే దాదాపు 2,000 గంటల క్లినికల్ రొటేషన్లుంటాయి. మన ఎన్‌పీలకు చాలాకాలం కనీసం 500 గంటలే, 2022 ప్రమాణాల్లో 750 చేశారు. ఫ్యామిలీ డాక్టరుకైతే ఎండీ అయ్యాక మూడేళ్ల రెసిడెన్సీ, అంటే పెద్దల పర్యవేక్షణలో పని చేస్తూ నేర్చుకోవడం. ఈ లోటు చూసే 2007లో కనెక్టికట్‌లోని ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్ ఎన్‌పీలకు రెసిడెన్సీ మొదలుపెట్టింది. ఆ పీఏ అమ్మాయి ధైర్యం సంగతంటావా, పార్కింగ్‌లో కారెక్కాక ఆమె మొహం నువ్వు చూడలేదుగా.

ఈ వారమే మేనేజర్‌తో కూర్చో. మొదటి నెల ఎనిమిది మంది, మూడో నెలకు పన్నెండు, ఆర్నెల్లకు పద్దెనిమిది అని అడుగు. ప్రతిరోజూ నీ సందేహాలకు జవాబు చెప్పే మనిషెవరో పేరుతో సహా కావాలను. రెండూ కాగితం మీదికి రావాలి. ‘చూద్దాంలే’ అంటే మెయిల్ పెట్టి జవాబు రాబట్టు. ససేమిరా అంటే జీతం తగ్గినా అలాంటి శిక్షణే ఇచ్చే ఏడాది ఫెలోషిప్‌కి వెళ్లమనే చెబుతాను. మంచి గురువు దొరికిన క్లినిక్‌లో ఉన్నవాళ్లకు మాత్రం అది దండగ.

టెక్సాస్‌లో మందులు రాయాలంటే డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, నెలకోసారి సమావేశం కావాలి. చాలాచోట్ల అది సంతకంతో సరి. నువ్వు మాత్రం తేలని కేసుల చార్టులు పట్టుకెళ్లు. డాక్టరు తీరిగ్గా లేరని నసగొద్దు, ఇలా అడుగు: ‘58 ఏళ్లాయన, షుగరుంది. రెండు రోజులుగా ఎడమ పిక్క వాచి నొప్పి, మొన్ననే ఇండియా నుంచి విమానంలో వచ్చారు. డీవీటీ (కాలి సిరలో రక్తం గడ్డ) అనుకుంటున్నా, ఈరోజే అల్ట్రాసౌండ్‌కి పంపుతాను. మీరేమంటారు?’ అరనిమిషం పట్టదు. నీ అభిప్రాయం ముందు చెప్పాకే అడగడం అలవాటైతే ఆర్నెల్లలో అడగాల్సినవే తగ్గిపోతాయి.

ఏకాగ్రత లోపానికి (ఏడీహెచ్‌డీకి) వాడే ఆడరాల్ రీఫిల్ కావాలని ఎవరో ఒకరు వచ్చే ఉంటారు. అది షెడ్యూల్ 2 మందు, అంటే అలవాటుపడే ప్రమాదం ఎక్కువని గట్టి కట్టడిలో పెట్టింది. అలాంటివి టెక్సాస్ క్లినిక్‌లో ఎన్‌పీ రాయకూడదు. మొహమాటపడకుండా డాక్టరు దగ్గరికి పంపు. మాల్‌ప్రాక్టీస్ (వైద్యంలో పొరపాటు దావాల) బీమా పాలసీ ‘క్లెయిమ్స్ మేడ్’ రకమైతే, అంటే పాలసీ నడుస్తుండగా వచ్చిన దావాలకే వర్తించేదైతే, ఉద్యోగం మానాక వచ్చే దావాలకు రక్షణనిచ్చే టెయిల్ కవరేజీ డబ్బెవరు కడతారో ఇప్పుడే అడిగి పెట్టుకో.

ఇంకొకటి నువ్వడగలేదు గానీ చెబుతున్నా. సత్యనారాయణ వ్రతంలో ప్రసాదం తింటుండగా ఏ ఆంటీయో పక్కకు పిలుస్తుంది. మనవణ్ణి చూడ్డానికి వచ్చిన వాళ్లాయనకు బీపీ మాత్రలైపోయాయట, ‘నువ్వూ డాక్టరువంటిదానివేగా, రాసిపెట్టమ్మా’ అంటుంది. చార్టు లేకుండా, పేషెంటును చూడకుండా ఒక్క మాత్ర కూడా రాయకు. ‘రేపు క్లినిక్‌కి తీసుకురండి ఆంటీ, పాత చీటీ కూడా తెచ్చుకోండి’ అను. ఆమె అలుగుతుంది. అలగనీ.