చిన్నమ్మ కొత్తింటి గ్రానైట్ మన బొలెరోలో తెచ్చిపెట్టొచ్చా?

మీరడిగింది ఇది: హనుమకొండలో చిన్నమ్మ ఇల్లు కడుతోంది, మాఘంలో గృహప్రవేశం. వంటగది ప్లాట్‌ఫామ్‌కు పదడుగుల గ్రానైట్ కరీంనగర్‌లో కొన్నారు, సింకు రంధ్రం కూడా అక్కడే కోయించారు. "నీ బొలెరో ఉంది గద, నువ్వూ తమ్ముళ్లూ పోయి పట్టుకరాండి" అంటోంది. నలుగురం సరిపోతామా, కాదంటే బాగుంటుందా?

బరువు సంగతే అయితే సరిపోతారు. 20 మిల్లీమీటర్ల మందం గ్రానైట్ చదరపు అడుగుకు సుమారు 5 కిలోలు తూగుతుంది. పదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు అంటే 100 కిలోలు. మనిషికి పాతిక. 40 కిలోల వడ్ల బస్తా భుజాన వేసుకునే వాళ్లకు ఇదో లెక్క కాదు. మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే లెక్క వేశారు. అయినా మీ బండిలో తేవద్దనే చెప్తాను.

మా అక్కవాళ్లది ఎల్కతుర్తి దగ్గర. వాళ్లింటి గృహప్రవేశానికి ముందు కూడా ఇలాంటి పనే నా మీద పడింది. మా బొలెరో ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తోలడానికి కొన్నది. పత్తి ఎన్ని కుదుపులు పడ్డా మార్కెట్లో పత్తిలాగే దిగుతుంది. రాయి అలా దిగదు. కరీంనగర్‌లో షాపతను బండను అంచు మీద నిలబెట్టి కట్టాలన్నాడు. బండలను నిలబెట్టి కట్టే స్టాండున్న తన బండి తీసుకుపొమ్మని కూడా చెప్పాడు. మా బావకు ఆ కిరాయి దండగనిపించింది. పైగా నిలబెడితే మలుపు దగ్గర ఒరిగి పడుతుందని భయం. "గడ్డి పరిచి, మీద పాత పరుపేసి పండబెడదం. పసిపిల్లను పండబెట్టినట్టు పండుతది" అన్నాడు. నేను షాపతని మాటే వినాలన్నాను. నాన్న ఫోన్‌లో "అల్లుడు చెప్పినట్టు చెయ్‌రా" అని తేల్చేశాడు. ఇంటల్లుడి మాట ఇంజనీరు మాట కంటే ఎక్కువ కదా మన దగ్గర.

పండబెడితే ఏమవుతుందో చెప్తాను, మీ వాళ్లను ఒప్పించడానికి పనికొస్తుంది. రాయి నొక్కుడును ఎంతైనా తట్టుకుంటుంది, సాగదీతను తట్టుకోలేదు. పండబెట్టిన బండను రెండు కొసల పట్టి లేపితే నడుము కిందికి వంగుతుంది, అడుగు ముఖం సాగుతుంది, పగులు అక్కడ మొదలవుతుంది. అదే బండను అంచు మీద నిలబెడితే వంగాల్సింది 20 మిల్లీమీటర్ల మందం కాదు, రెండడుగుల ఎత్తు. ఆ వంపును తట్టుకునే బలం సుమారు 30 రెట్లు. ఇక సింకు రంధ్రం ముందే కోస్తే, దానికి అటూ ఇటూ మిగిలేది రెండు మూడు అంగుళాల పట్టీలే. బండ భారమంతా వాటి మీదే వేలాడుతుంది.

మా ట్రాలీ తొమ్మిదడుగులు, బండ పది. వెనక తలుపు (డాలా) దించి, అడుగు మేర బయటికి వదిలి, మోకుతో బిగించాం. సరుకు ఇలా అనుమతించిన హద్దు మించి బాడీ దాటి బయటికొస్తే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం జరిమానా 20,000 రూపాయలు. ఆ డబ్బుతో బండి కిరాయి, హమాలీ కూలి అన్నీ పోను ఇంకా మిగులుతుంది. మేం దొరకలేదు, అదొక్కటే అదృష్టం. కోత పని ఆలస్యమై రాత్రి బయల్దేరాం. మానకొండూరు దాటేసరికి పొగమంచు పట్టుకుంది. ముందు లారీ ఎర్ర లైటు తప్ప ఏమీ కనబడలేదు. రోడ్డు వెడల్పు పనులు నడుస్తున్నాయి, ఎక్కడ డైవర్షన్ ఉందో దాంట్లో దిగాకే తెలిసేది. దిగిన ప్రతిసారీ వెనక వేలాడే ఆ అడుగు ముక్క దబ్బున ఊగేది. హుజూరాబాద్‌లో ఛాయ్ తాగేటప్పుడు బావ బండను తడిమి చూసి "ఏం కాలే" అన్నాడు.

ఇల్లు చేరేసరికి అందరూ వణుకుతున్నారు. పొద్దున దించుదామని బండి వాకిట్లోనే వదిలేశారు. తెల్లారి చూస్తే పాలిష్ ముఖం మీద మంచు నీళ్లు పరుచుకుని ఉన్నాయి. రాత్రంతా ఆరుబయట చల్లబడ్డ రాయి గాలిలో తేమను పట్టేస్తుంది, చెయ్యి వేస్తే జారుతుంది. అందులో బావ తమ్ముడు ఉన్ని గ్లౌజులు వేసుకున్నాడు. నేను, బావ, ఆయన తమ్ముడు, పక్కింటి కాక, నలుగురం అడ్డంగా పడుకున్నదాన్ని అలాగే లేపాం. రెండడుగులు వేశామో లేదో సింకు దగ్గర టిక్కుమని చిన్న చప్పుడు. పెద్దగా పగిలిన శబ్దం కూడా కాదు, పెన్ను మూత పెట్టినంత. ముందు పట్టీ విరిగింది, బరువు ఒక్కసారిగా ఒకవైపు ఒరిగింది, ఉన్ని గ్లౌజులోంచి అంచు జారి బావ తమ్ముడి కాలి మీద పడింది. బొటనవేలి ఎముక చిట్లింది. కొత్తింట్లో అందరికంటే ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నది అతనే.

తర్వాత నడిచిన పంచాయితీ బండ కంటే బరువైనది. బావ మాట ఏంటంటే, చలికి రాయి పగిలిందట. చలికి రాయి పగలాలంటే దాని సందుల్లోకి వెళ్లిన నీళ్లు గడ్డకట్టి ఉబ్బాలి. వరంగల్‌లో ఎంత చలి పెట్టినా నీళ్లు గడ్డకట్టవు. అదే నిజమైతే 13వ శతాబ్దం నుంచి నిలబడ్డ ఓరుగల్లు కోట రాతిగోడ ఈపాటికి కంకర కావాలి. షాపతను గేటు దాటాక తనకు సంబంధం లేదన్నాడు, ఆ మాట బిల్లు మీద అచ్చేసే ఉంది. బండ డబ్బులు సగం నన్ను పెట్టుకోమన్నారు, బండి నాది కాబట్టి. ఆస్పత్రి ఖర్చు నాన్న ఇచ్చాడు. అక్క నాతో కొన్నాళ్లు ముభావంగా ఉంది, బావను ఏమీ అనలేక. కొత్త ముక్క తెస్తే రంగు కలవలేదు. టాన్ బ్రౌన్ అని గ్రానైట్ రకం పేరొకటే గానీ ఒక్కో రాతి దిమ్మెకు ఒక్కో ఛాయ, మచ్చల సైజు కూడా మారుతుంది. గోడకు ముందే అతికించిన ముక్క ఒక రంగు, గట్టు ఇంకో రంగు. గృహప్రవేశం రోజుకు అదీ బిగించలేదు, మూడు ఇటుకలు పెట్టి వాటి మీదే పాలు పొంగించారు.

ఇప్పుడు మీ విషయం. కాదంటే చిన్నమ్మ బాధపడుతుందన్నారు కాబట్టి కాదనకండి. "గృహప్రవేశానికి బట్టలు పెట్టే బదులు బండి కిరాయి, హమాలీ కూలి నేనిస్తా" అనండి. ఆమెకూ గౌరవం, మీ వేళ్లూ ఉంటాయి. మీరూ వెళ్లండి, కానీ చూసుకోవడానికి. షాపువాళ్ల స్టాండు బండి, వాళ్ల హమాలీలే తెచ్చి ఇంట్లో దించితే దారిలో విరిగినా బాధ్యత వాళ్లదే అని కిరాయి డబ్బు కట్టకముందే బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే ఇంకో స్టాండు బండి చూడండి.

ఇంకా కోయించని వాళ్లెవరైనా సింకు రంధ్రం షాపులో కోయించొద్దు. బండ గట్టు మీద కుదురుగా కూర్చున్నాక మేస్త్రీ కట్టర్‌తో అక్కడే కోస్తాడు. దుమ్ము లేస్తుంది, అంతే. మీరు కోయించేశారు కాబట్టి, రంధ్రానికి అటూ ఇటూ పొడవునా చెక్క రీపర్లు క్లాంపులతో బిగించమని అడగండి. రంధ్రం ఉన్నవైపు ఎవరూ చెయ్యి వేసి లేపకూడదు. దించేది ఎండెక్కాక, పది దాటాక పెట్టుకోండి. ముందు పొడి గోనెసంచితో తుడవండి. ఉన్నివి కాకుండా అరచేతికి రబ్బరు పూత ఉన్న గ్లౌజులు, కాళ్లకు బూట్లు. చెప్పులతో ఎవరొచ్చినా పక్కకు పంపండి, బావైనా సరే.

ఇంకోటి, మాఘంలో అన్ని ఇళ్ల ముహూర్తాలూ ఒకేసారి పడతాయి, స్టాండు బండ్లు దొరకవు. ఈ రోజే ఫోన్ చేసి బండి మాట్లాడుకోండి.